బౌరింగ్‌పేటలో గేజి మారిన పట్టాలు: కోలారు జిల్లా రైలు, మన విశ్వేశ్వరయ్య గారు

ప్రతి సెప్టెంబరు 15న ఇంజినీర్ల దినం పేరుతో మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి ఫొటోకు దండలు పడతాయి. ఉపన్యాసాల్లో కృష్ణరాజసాగరం వస్తుంది, మూసీ వరద వస్తుంది, భద్రావతి ఉక్కు వస్తుంది. కోలారు జిల్లా రైలు మాత్రం రాదు. ఆయన పుట్టిన జిల్లాలో, ఆయన మైసూరులో అధికారంలో ఉన్న రోజుల్లోనే పరచిన పట్టాలవి. మన పాఠకుల ఇళ్లలో పెద్దవాళ్లు ఎందరో ఆ చిన్న రైలు ఎక్కినవారే. అందుకని ఈసారి ఆయన జీవితాన్ని పట్టాల వైపు నుంచి చెబుతున్నాం.

ఆయన మనవారేనా అనే ప్రశ్నకు ఇంటిపేరే జవాబు. మోక్షగుండం గిద్దలూరు ప్రాంతంలోని ఊరు. పూర్వీకులు అక్కడి నుంచి మైసూరు సీమకు వలస వచ్చి, నంది కొండకు దగ్గరలోని ముద్దేనహళ్లిలో స్థిరపడ్డారు. ఇంట్లో మాట తెలుగే. ఆ ఊరు ఇప్పుడు చిక్కబళ్లాపురం జిల్లాలో ఉంది గానీ, 2007 దాకా కోలారు జిల్లాదే. తండ్రి శ్రీనివాసశాస్త్రి గారు సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మ గారు. తండ్రి చిన్నప్పుడే పోయారు. చిక్కబళ్లాపురంలో ప్రాథమిక చదువు ముగించి, మేనమామ అండతో బెంగళూరు చేరి, పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ సెంట్రల్ కాలేజీలో 1881లో బి.ఎ. పూర్తి చేశారు. మైసూరు సర్కారు ఇచ్చిన సాయంతో పూనాలో ఇంజినీరింగు చదివి, బొంబాయి ప్రెసిడెన్సీలో కొలువుకు చేరారు. ఆయన బడికి వెళ్లిన రోజుల్లో చిక్కబళ్లాపురానికి రైలు లేదు. ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఆయన బొంబాయి వైపు ఉండగానే మన గనులకు రైలు వచ్చింది. ఆ ఘనత ఆయనది కాదు, దివాన్ శేషాద్రి అయ్యర్ గారిది. జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంటుకు మద్రాసు రైల్వే వేసిన బ్రాడ్‌గేజి లైను 1864 నాటిది. ఆ లైనులోని బౌరింగ్‌పేట నుంచి మారికుప్పం దాకా పది మైళ్ల శాఖ 1894లో తెరుచుకుంది. ఈ బౌరింగ్‌పేటే మన బంగారుపేట. తెల్ల కమిషనరు పేరు పోయి బంగారం పేరు నిలవడం మాకైతే సబబుగానే తోస్తుంది.

పది మైళ్లు చిన్న దూరమే, మోసిన బరువు మాత్రం చిన్నది కాదు. బాయిలర్లకు బొగ్గు, గనుల లోపల పైకప్పుకు ఆసరాగా నిలిపే దుంగలు, ఇనుము, యంత్రాల విడిభాగాలు, వేలమంది కూలీలకు తిండిగింజలు అన్నీ ఆ దారినే రావాలి. చిత్తూరు, పలమనేరు, కుప్పం వైపు నుంచి గని పనికి వచ్చిన మనవాళ్లకూ అదే రైలు. ఒంటి పట్టా మీద గూడ్సు బండీ, జనం బండీ రెండూ నడవాలంటే కిటుకంతా పక్కపట్టాల్లో ఉంటుంది. స్టేషనులో అసలు లైను నుంచి చీలి మళ్లీ అందులోనే కలిసే పట్టా లూపు. ఎదురొచ్చే బండి దాటిపోయేదాకా ఒక బండి అందులో ఆగుతుంది. అసలు లైను నుంచి చీలి ఎక్కడో గోదాము దగ్గరో, గని గేటు దగ్గరో ముగిసేది సైడింగు. వ్యాగన్లను అందులోకి నెట్టేస్తే దింపుకోవడం తాపీగా సాగుతుంది, అసలు లైను ఖాళీగా ఉంటుంది. సైడింగు లేని చోట ఒక్క వ్యాగను దింపేదాకా వెనక రైళ్లన్నీ నిలబడాలి. లూపు పొడవు చాలకపోతే పొడవాటి గూడ్సు బండి అందులో పట్టదు. ఆలస్యాలకు జనం ఇంజనును తిడతారు గానీ, తప్పు చాలాసార్లు ఈ పక్కపట్టాల కొరతదే.

విశ్వేశ్వరయ్య గారు 1908లో బొంబాయి కొలువు వదిలారు. ఆ సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచేసింది. మరుసటి ఏడు నిజాం సర్కారు పిలుపుపై వెళ్లి వరద నివారణకు పథకం ఇచ్చారు. ఆ కథ మన పత్రికల్లో చాలాసార్లు వచ్చింది కనుక దాటిపోతాం. 1909 నవంబరులో మైసూరు చీఫ్ ఇంజినీరుగా వచ్చారు. రైల్వేల వ్యవహారం కూడా ఆయన చేతికే వచ్చింది.

గనులతో ఆయనకు ముడి పడింది కూడా అప్పుడే. శివనసముద్రం కరెంటు 1902 నుంచి తొంభై రెండు మైళ్ల తీగ మీద కేజీఎఫ్‌కు వస్తోంది. కరెంటు రాగానే బొగ్గు బండ్ల మీద ఆధారపడటం తగ్గింది. కానీ వేసవిలో కావేరి సన్నబడితే కరెంటూ సన్నబడేది, మైసూరు సర్కారేమో గనులకు కరెంటు ఇస్తానని ఒప్పుకుని ఉంది. 1911లో మొదలైన కృష్ణరాజసాగరానికి మండ్య రైతు ఒక కారణమైతే, మన గనుల కరెంటు ఇంకో కారణం. ఖర్చుకు జంకిన దర్బారును ఒప్పించడంలో గనుల నుంచి వచ్చే కరెంటు రాబడి లెక్క బాగా పనికొచ్చింది.

1912లో దివాన్ అయ్యారు. అప్పటికి మైసూరు రాజ్యంలోని రైళ్లను నడిపేది మద్రాస్ అండ్ సదరన్ మరాఠా కంపెనీ. పట్టాలు సర్కారువి, పెత్తనం కంపెనీది. ఏ స్టేషనులో సైడింగు వేయాలన్నా, ఏ బండి ఎప్పుడు నడవాలన్నా నిర్ణయం కంపెనీ ఆఫీసులోనే. ఇది ఆయనకు నచ్చలేదు. కొత్త లైన్లను రాజ్యమే కట్టుకుని, రాజ్యమే నడుపుకోవాలని పట్టుబట్టారు. మైసూరు నుంచి అరసీకెరె లైను అలా వచ్చినదే. పాత లైన్లు కొన్ని సర్కారు చేతికి వచ్చింది 1919లో. అప్పటికి ఆయన దివాన్‌గా లేరు, దారి వేసింది మాత్రం ఆయనే. కేజీఎఫ్ శాఖ ఆ తర్వాత కూడా కంపెనీ చేతిలోనే ఉండిపోయింది.

కోలారు జిల్లాకు దక్కింది నారోగేజి. బౌరింగ్‌పేట నుంచి కోలారుకు 1913లో రైలు నడిచింది. తర్వాతి కొన్నేళ్లలో శ్రీనివాసపురం, చింతామణి, శిడ్లఘట్ట మీదుగా పట్టాలు చిక్కబళ్లాపురం చేరాయి. అటు యలహంక వైపు నుంచి కూడా చిక్కబళ్లాపురానికి లైను వచ్చింది. దివాన్ గారు చదివిన బడి ఊరికి ఆయన హయాంలోనే రైలు కూత వినిపించింది. మామిడి పండే శ్రీనివాసపురం, వర్తకానికి పేరున్న చింతామణి, పట్టుకు పేరున్న శిడ్లఘట్ట ఒకే దారానికి కూర్చినట్టయ్యాయి.

చిక్కంతా కొలతలో ఉంది. ఈ పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే. మద్రాసు లైనుది అయిదున్నర అడుగులు. కోలారు వైపు నుంచి వచ్చిన మూట బౌరింగ్‌పేటలో దిగాలి, కూలీ భుజమెక్కాలి, పక్కన నిలిచిన పెద్ద వ్యాగనులోకి మారాలి. మద్రాసు నుంచి వచ్చిన సరుకుకూ అదే తంతు. మామిడి లాంటి సరుకుకు ప్రతి మార్పూ నలగడమే. మనుషులైతే పెట్టె చేతబట్టుకుని ఒక ప్లాట్‌ఫారం నుంచి ఇంకో ప్లాట్‌ఫారానికి పరుగు. అదే బౌరింగ్‌పేట నుంచి మారికుప్పం వెళ్లే వ్యాగనుకు ఈ బాధ లేదు. మద్రాసులో ఎక్కించింది నేరుగా గని దగ్గర దిగేది. ఒకే స్టేషనులో గని సరుకుకు ఒక మర్యాద, రైతు సరుకుకు ఒక మర్యాద అన్నమాట.

మరి మొదటే పెద్ద గేజి వేసి ఉండవచ్చు కదా? డబ్బు. చిన్న గేజికి సన్నపట్టాలు చాలు, వంతెనలు తేలిక, మలుపులు ఎక్కువున్నా బండి తిరుగుతుంది, కట్టుబడి ఖర్చు బాగా తగ్గుతుంది. గనుల శాఖకు బంగారం రాబడి భరోసా ఉంది, చింతామణికి అది లేదు. పెద్ద రైలు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఆ తరానికి ఏ రైలూ వచ్చేది కాదు. ఆనాటి నిర్ణయం సరైనదేనని మా అభిప్రాయం. తప్పల్లా తర్వాతి తరాలది. ఆయన దిగిపోయాక ఎన్నో దశాబ్దాల పాటు ఆ గేజిని మార్చే పని ఎవరూ తలకెత్తుకోలేదు.

1918 చివర్లో ఆయన దివాన్ పదవి వదిలారు. ఉద్యోగాల్లో వెనుకబడిన వర్గాలకు వాటా విషయంలో మహారాజుతో ఆయనకు కుదరలేదు. ఈ విషయంలో ఆయన పక్షం వహించలేం, ఆయన్ను పొగిడే వ్యాసాలు దీన్ని దాటవేయడమూ మాకు నచ్చదు. అరసీకెరె నుంచి పడమటి తీరంలోని భట్కళ రేవుకు రైలు వేయాలన్న ఆయన కోరిక తీరలేదు. తర్వాత భద్రావతి ఇనుము కార్ఖానాను కొన్నేళ్లు నడిపించారు. 1955లో భారతరత్న వచ్చింది.

ఆయన రైలులో నిద్రపోతూ చక్రాల చప్పుడు మారగానే ముందు పట్టా విరిగిందని పసిగట్టి గొలుసు లాగారనే కథ ఊరూరా చెబుతారు. కథగా బాగుంది, అంతవరకే. ఆయనకు రైలుతో ఉన్న నిజమైన ఆఖరి ముడి దానికంటే గట్టిది. బిహారులో మొకామా దగ్గర గంగ మీద వంతెన ఎక్కడ కట్టాలో తేల్చడానికి ప్రభుత్వం ఆయన్ను అడిగింది. అప్పటికి ఆయన తొంభై దాటారు. 1959లో తెరిచిన ఆ రాజేంద్ర సేతువు మీద ఒకే కట్టడంలో రైలూ, రోడ్డూ ఉన్నాయి. గంగకు అటూ ఇటూ సరుకుకూ జనానికీ అది దారైంది.

1962 ఏప్రిల్‌లో నూరేళ్లు నిండిన ఆయన బెంగళూరులో కన్నుమూశారు. అంత్యక్రియలు ముద్దేనహళ్లిలో జరిగాయి. ఆ రోజుకి కూడా చిక్కబళ్లాపురం వచ్చేది ఆ చిన్న రైలే. బంగారుపేట నుంచి కోలారు దాకా పట్టాలు పెద్దవైంది 1990ల్లో. కోలారు, చిక్కబళ్లాపురం మధ్య ముక్క ఆ తర్వాత ఏళ్ల తరబడి రైలు లేకుండా పడి ఉంది. 2013లో అక్కడ బ్రాడ్‌గేజి రైలు నడిచాక, చింతామణిలో ఎక్కినవారు బంగారుపేటలో గేజి కోసం బండి మారాల్సిన పని లేకుండా పోయింది.