శుక్రుని కోసం 11 ఏళ్లు

భూమికి, సూర్యునికి మధ్య దూరం తేలనిదే సౌర కుటుంబానికి కొలత లేదు. నేడు ప్లూటో, ఎరిస్ వంటి మరుగుజ్జు గ్రహాల దూరాలను చెప్పే ప్రమాణం అదే. సూర్యబింబాన్ని శుక్రుడు దాటే వేళను గమనించి ఆ దూరాన్ని రాబట్టేందుకు 1760లో ఫ్రాన్స్ నుంచి పుదుచ్చేరికి ఓడ ఎక్కిన ఖగోళ శాస్త్రవేత్త గియోమ్ లె జాంతీ.

ఆయన దారిలో ఉండగానే పుదుచ్చేరి బ్రిటిష్ వారి వశమైంది. 1761 జూన్ 6న నడిసముద్రంలో, ఊగే ఓడపై నుంచి తీసిన కొలతలు ఎందుకూ కొరగాలేదు. మరో అవకాశం 1769లోనే. స్వదేశానికి మరలక ఆయన తూర్పు సముద్రాల్లోనే ఉండిపోయారు.

1768లో పుదుచ్చేరి చేరి, శిథిలమైన కోటలో వేధశాల కట్టుకున్నారు. అరియాంకుప్పం చెంతనున్న అరికమేడు గురించి తొలిగా రాసిన ఐరోపావాసిగా ఆయన పేరే చెబుతారు. గ్రహణ గణితాన్ని ఒక తమిళ గణకుని వద్ద అభ్యసించారు. 1765 ఆగస్టు 30 నాటి చంద్రగ్రహణ వ్యవధిని ఆ పద్ధతిలో లెక్కిస్తే తేడా 41 సెకన్లు. ఐరోపా పట్టికలతో 68. స్వదేశపు శాస్త్రానికి ప్రతికూలమైన ఈ ఫలితాన్ని ఆయన దాచలేదు.

1769 జూన్ 4 ఉదయం మబ్బు కమ్మింది. శుక్రుడు దాటిపోయాకే సూర్యుడు కనిపించాడు.

1771లో ఫ్రాన్స్ చేరేసరికి, ఆయన మరణించారని నమ్మిన బంధువులు ఆస్తి పంపకానికి పూనుకున్నారు. అకాడమీలో ఆయన స్థానం వేరొకరికి దక్కింది. రాజు జోక్యంతో అది తిరిగి లభించింది. ఆపై వివాహం చేసుకుని, కుమార్తెను పెంచుకుంటూ, 1792లో కన్నుమూశారు.