మైసూరు కొలువులో యూదు శిల్పి: ఓటో కోనిగ్స్‌బెర్గరు

సర్ మిర్జా ఇస్మాయిల్ గారు 1946లో హైదరాబాదు సంస్థానమునకు ప్రధానిగా వచ్చిన సంగతి మన ప్రాంతపు పెద్దలు వినియేయుందురు. అంతకుముందు ఆయన 1926 మొదలు 1941 వరకు మైసూరు సంస్థానమునకు దివానుగా నుండెను. ఆ దివాను గారి కాలమున, స్వదేశమునందు నిలువ నీడలేక బెంగుళూరు చేరిన యొక యూదుని చరిత్రమును ఈ సంవత్సరము మన పత్రికకు వ్రాయుచున్నాను.

ఓటో కోనిగ్స్‌బెర్గరు 1908వ సంవత్సరమున బెర్లిను నగరమందు జన్మించెను. భౌతికశాస్త్రమున ప్రఖ్యాతుడగు మాక్సు బోర్ను ఈయనకు మేనమామ. భవననిర్మాణ విద్యను బెర్లినులోనే యభ్యసించి, 1933లో షింకెలు పేరిట నిచ్చు గొప్ప బహుమతిని సంపాదించెను. ఆ సంవత్సరముననే హిట్లరు అధికారమునకు వచ్చెను. బహుమతినొందిన ఆ యువకుడే యూదుడను నొక్క కారణముచే సర్కారు కొలువునుండి తొలగింపబడెను. అంతట నతడు ఈజిప్టునకు పోయి, ప్రాచీన కట్టడములను పరిశోధించుచు, ఆ దేశపు పురాతన ద్వారముల నిర్మాణమును గూర్చి గ్రంథము వ్రాసి డాక్టరు పట్టము పొందెను. తన యింటి తలుపు మూయబడినవాడు పరుల తలుపులను కొలుచుచుండెనని నాకు తోచును.

మేనమామయు నిర్వాసితుడే. సర్ సి. వి. రామను గారి యాహ్వానముపై 1935లో బోర్ను బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూటునకు వచ్చి కొన్ని మాసములుండెను. ఆయనను స్థిరముగా నిలుపవలెనని రామను గారు యత్నించిరి గాని, తోడి ఆచార్యులలో వ్యతిరేకత పుట్టి ఆ ప్రయత్నము చెడెను. మేనల్లుని కట్లు జరుగలేదు. 1939లో మైసూరు ప్రభుత్వము వానిని ప్రధాన శిల్పిగా నియమించెను.

అందరును శరణాగతులను ఆదరించిరని చెప్పజాలను. జర్మనీనుండి వచ్చిన యూదు వైద్యులు ఇచ్చట వృత్తి చేయుటకు మన వైద్యులలో కొందరు అడ్డు చెప్పిరి. మన పట్టభద్రులే పనిలేక తిరుగుచున్న దినములవి. వారి భయమును కేవలము దయాహీనత యనుట న్యాయము కాదు. యుద్ధము రాగానే ఆంగ్లేయ ప్రభుత్వము జర్మనీ ప్రజలను శత్రువులుగా నిర్బంధించెను. హిట్లరు బారినుండి పారివచ్చిన యూదులును అందు చిక్కి, విచారణ జరిగిన పిమ్మట గాని విడుదల కాలేదు.

అట్టి కాలమున కోనిగ్స్‌బెర్గరు బెంగుళూరులో పనిచేసెను. సైన్సు ఇన్‌స్టిట్యూటులో విమానశాస్త్ర శాఖకును, భోజనశాలకును, సభామందిరమునకును నమూనాలు గీసెను. దివాను గారికి గుమ్మటములపై మక్కువ. ఈయనకు నిరాడంబరమైన గోడలపై మక్కువ. ఒకరి మాట నొకరు కొంత విని పని సాగించుకొనిరి. శీతలదేశపు చదువు ఈ యెండకు చాలదని గ్రహించి, సూర్యుడు ఏ గోడను కాల్చును, గాలి ఏ కిటికీని చేరును, వాన జల్లు వసారాలో నెంతదూరము వచ్చును అను విషయములనే ముఖ్యముగా విచారించెను. రాయికోడులో చైత్ర వైశాఖములందు రేకుల కప్పు క్రింద కూర్చున్న విద్యార్థికి ఈ విచారణ విలువ నేను వేరుగా చెప్పనక్కరలేదు.

తరువాత టాటావారి కోరికపై జంషెడ్‌పూరునకును, 1948లో ఒరిస్సా నూతన రాజధాని భువనేశ్వరమునకును పట్టణ ప్రణాళికలు సిద్ధము చేసెను. దేశవిభజనచే లక్షలకొలది జనులు ఇండ్లు వాకిళ్లు వీడి వచ్చినప్పుడు, భారతప్రభుత్వము గృహనిర్మాణపు పనిని ఈయన చేతికి ఒప్పగించెను. తాను శరణార్థియై వచ్చినవాడు శరణార్థులకు ఊళ్లు కట్టింపబూనెను. త్వరగా నిండ్లు లేపుటకై ఢిల్లీలో సిమెంటు పలకలుచేయు కర్మాగారము నెలకొల్పిరి. ఆ పలకలు పనికిరాకపోయెను; ధనము వ్యర్థమాయెను; పార్లమెంటులో తీవ్రమైన విమర్శ చెలరేగెను. 1951లో ఆయన మన దేశమును విడిచెను.

లండనులో 1954 మొదలు ఉష్ణదేశముల గృహనిర్మాణమును బోధించుచు, పెక్కుదేశముల విద్యార్థులకు గురువాయెను. సహాధ్యాపకులతో కలసి ఆ విషయమున వ్రాసిన పాఠ్యగ్రంథము 1970 తరువాతి సంవత్సరములలో వెలువడెను. 1999లో ఆయన మరణించెను. ఆ గ్రంథపు భారతదేశ ముద్రణ హైదరాబాదునుండి వెలువడి, మన శిల్పవిద్యార్థుల చేతులలో నున్నది.