కుగ్లరు డాక్టరమ్మగారి ప్రయాణము

చదువవలసిన భాగము: నెహెమ్యా 2:1-8



గత నెలలో మన పరిటాల సంఘపు యౌవనస్థురాలొకతె, నర్సు తరిఫీదు ముగించినది, ఒక ఉత్తరము పట్టుకొని మాయొద్దకు వచ్చెను. ఆఫ్రికాలోని ఒక మిషను బడిలో మూడేండ్లు సేవచేయుటకు ఆమెను అంగీకరించిరి. అయితే నర్సుగా కాదు, బాలికల హాస్టలు చూచుకొనుటకు. నేర్చినది విడిచి వెళ్లుటా, ప్రయాణమే మానుకొనుటా అని ఆమె కంట తడిపెట్టెను. మేము వెంటనే ఏమియు చెప్పలేకపోతిమి. పిమ్మట ఆమెకు చెప్పిన చరిత్రనే ఇచ్చట వ్రాయుచున్నాము.

కృష్ణ ఆవల గుంటూరులోని కుగ్లరు ఆసుపత్రి పేరు మన ప్రాంతములో వినని పెద్దలు తక్కువ. ఆ అన్నా సారా కుగ్లరు గారు 1856లో అమెరికా దేశపు పెన్సిల్వేనియా రాష్ట్రములో ఆర్డ్‌మోర్ అను ఊర పుట్టిరి. ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాలలో చదివి 1879లో పట్టము పొంది, నారిస్‌టౌన్‌లో మతిస్థిమితము లేనివారి ఆసుపత్రియందు రెండేండ్లు పనిచేసిరి. 1882లో గుంటూరు మిషనెరీ ఆదాము రో గారి ఉత్తరము ఆమెకు చేరెను. ఇచ్చట ఘోషాలోనున్న స్త్రీలు ఎంత రోగము వచ్చినను పరపురుషుడైన వైద్యునికి చెయ్యి చూపెడివారు కారు. గనుక స్త్రీ వైద్యురాలు కావలెనని ఆ పిలుపు.

ఆమె తమ లూథరన్ స్త్రీల మిషను సంఘమునకు దరఖాస్తు పెట్టుకొనిరి. వైద్యసేవ ఆరంభించుటకు తామింకను సిద్ధముగా లేమని వారనిరి. బడులలోను, జెనానా ఇండ్లలోను బోధించుటకైతే పంపుదుమనిరి. వారిని మేము తప్పుపట్టము. ఆసుపత్రి యనగా ఎంత ఖర్చో కమిటీలో కూర్చున్నవారికి తెలియును. అయినను అన్నియేండ్లు చదివిన వైద్యురాలికి ఆ మాట ఎట్లుండెనో ఆలోచించుడి.

ఆమె ఒప్పుకొనిరి. అయితే తన కోరికను దాచుకొనలేదు, వైద్య పరికరములను ఇంట వదలిపెట్టనులేదు. వాటిని పెట్టెలో సర్దుకొని 1883 ఆగస్టులో ఓడ యెక్కి, నవంబరు నెలాఖరున గుంటూరు చేరిరి. ఆ దినములలో మన పరిటాల నైజాము ఏలుబడిలోనిది, గుంటూరు మద్రాసు రాజధానిలోనిది. ఆమెకు మాత్రము రెండును ఒక్కటే తెలుగు దేశము.

ఇక్కడ నెహెమ్యా జ్ఞాపకము వచ్చుచున్నాడు. యెరూషలేము సంగతి కిస్లేవు మాసమున విని, రాజు ఎదుట నోరు తెరచినది నీసాను మాసమున. ఆ నాలుగు నెలలు ప్రార్థనతోపాటు లెక్కలును చూచుకొనెనని మా తలంపు. లేనియెడల, రాజు అడిగిన వెంటనే ప్రయాణపు గడువు, అధికారులకు తాకీదులు, అడవి కాపరియైన ఆసాపునొద్ద మ్రానులు, ఇన్నియు ఎట్లు కోరగలిగెను?

గుంటూరులో ఆమె తెలుగు నేర్చుకొనుచు, ఆడపిల్లల బడుల పనియు చూచుచు, రోగులు వచ్చినప్పుడు మందులిచ్చుచుండిరి. అంటు భయముచేత, ఆమె తాకిన పిమ్మట స్నానము చేసిన ఇండ్లుండెను. రెండేండ్లు అట్లు గడచెను. 1885 చివరను స్వదేశపు సంఘమువారు ఆమెను వైద్య మిషనెరీగా నియమించిరి. 1889లో సెలవుమీద వెళ్లినప్పుడును విశ్రమింపక ఆసుపత్రికై కానుకలు కూర్చిరి. 1898లో ఆసుపత్రి తెరువబడెను. ఓడ దిగిన పదునైదేండ్లకు! కొంతకాలమునకు ఏలూరు జమీందారు భుజంగరావు గారు, రోగులతో వచ్చు హిందూ బంధువులు దిగుటకు ఆసుపత్రి ఎదుట సత్రము కట్టించిరి. స్నానముచేసి మైల పోగొట్టుకొన్న కాలమునుండి ఇది ఎంత దూరము! 1930 జూలైలో గుంటూరులోనే ఆమె ప్రభువునందు నిద్రించిరి.

మా యౌవనస్థురాలు ఇదంతయు విని, ఆఫ్రికాలో తనకట్లు జరుగకపోయిన ఏమి అని అడిగెను. న్యాయమైన ప్రశ్నయే. జరుగునని మేము మాట ఇయ్యలేదు. మూడేండ్లును హాస్టలు పనియే కావచ్చును. దానికి మనస్సు ఒప్పిననే వెళ్లుమంటిమి. అయితే తాను నర్సునని మొదటి ఉత్తరములోనే తెలుపుమనియు, ఆ దేశపు నర్సుల కౌన్సిలులో పేరు నమోదు చేసికొనుటకు ఏ కాగితములు కావలెనో ఇక్కడనుండగనే విచారించుమనియు చెప్పితిమి. నమోదు లేక అక్కడ సూది మందు వేయుట చట్టవిరుద్ధము కావచ్చును. ఆ దేశపు భాష మాటలు రోజుకు పది చొప్పున నేర్వుమంటిమి.

ఆమె జవాబు వ్రాసి పంపినది. సర్టిఫికెట్ల నకళ్లు కూడ జతచేసినది. తల్లి మాత్రము ఇంకను ఒప్పుకొనలేదు; వచ్చే ఆదివారము ఆరాధన కాగానే వారింటికి వెళ్లుచున్నాము.