54 లక్షల రైఫిళ్ల రూపకర్త.. రాయల్టీ ఎరుగని జాన్ గరాండ్

రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన సైన్యాల్లో అత్యధికం పదాతి సైనికుల చేతికి బోల్ట్ రైఫిల్‌నే ఇచ్చాయి. ఒక తూటా పేల్చిన తరువాత మీటను పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు నెట్టి, చెదిరిన గురిని మళ్లీ కుదుర్చుకోవాలి. ఈ శ్రమ లేకుండా, ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటాను పేల్చి తదుపరి తూటాను తానే ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌ను పదాతి దళానికి ప్రామాణిక ఆయుధంగా ఇచ్చి యుద్ధంలోకి దిగిన దేశం అమెరికా. ఆ ఆయుధం పేరు ఎం1. దానిని రూపొందించిన జాన్ కాంటియస్ గరాండ్ ఒక ప్రభుత్వోద్యోగి.

1888 జనవరి 1న కెనడాలోని క్యూబెక్ ప్రాంతంలో, ఫ్రెంచి మాట్లాడే పెద్ద కుటుంబంలో గరాండ్ జన్మించారు. తల్లి మరణానంతరం తండ్రి పిల్లలను వెంటబెట్టుకుని అమెరికాలోని కనెక్టికట్‌కు వలస వెళ్లారు. అక్కడి బట్టల మిల్లులో నేల ఊడ్చే పనితో బాలుడి బతుకు మొదలైంది. ఇంగ్లిష్‌నూ, యంత్రాల పనినీ అక్కడే నేర్చుకున్నారు. యుక్తవయసుకు వచ్చేసరికి మెషినిస్టు అయ్యారు. తుపాకీ గురి సాధన సరదాగా పట్టుకుని వ్యసనంగా మారింది.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆయన గీసిన తేలికపాటి మెషిన్‌గన్ నమూనా సైన్యం దృష్టిలో పడింది. అది తయారయ్యేలోపే యుద్ధం ముగిసింది. అయినా 1919లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ప్రభుత్వ ఆయుధ కర్మాగారం ఆయనకు ఉద్యోగమిచ్చి, సెమీ ఆటోమేటిక్ రైఫిల్ రూపకల్పన బాధ్యత అప్పగించింది. ఆ ఒక్క పనికి 16 ఏళ్లకు పైగా పట్టింది.

ప్రధాన పోటీదారు జాన్ పెడర్సన్. ఆయన రైఫిల్‌కు మైనపు పూత పూసిన తూటాలు కావాలి. గరాండ్ రైఫిల్‌కు ఆ పూత అక్కరలేదు. బురదలో, ఇసుకలో పడి లేచే సైనికుడికి ఇది చిన్న తేడా కాదు. ఇద్దరూ .276 తూటాను ఆధారం చేసుకుని పని చేశారు. 1932లో సైన్యాధిపతి డగ్లస్ మెకార్థర్ ఆ తూటాను తోసిపుచ్చి, అప్పటికే గోదాముల్లో గుట్టలుగా ఉన్న .30 తూటాకే కట్టుబడాలని తేల్చేశారు. అందువల్ల పది తూటాల రైఫిల్ ఎనిమిది తూటాలదైంది. సాంకేతికంగా ఇది వెనకడుగే కావచ్చు. ఖజానా కోణంలో చూస్తే మాత్రం కాదనలేని నిర్ణయం. 1936 జనవరిలో సైన్యం ఎం1ను ఆమోదించింది.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. తొలి రైఫిళ్లలో పేలుడు వాయువును గొట్టం చివర అమర్చిన తొడుగులో పట్టేవారు. అక్కడ మసి పేరుకునేది, దానికి ఆనుకున్న ముందు గురి కదిలేది. ఆరు తూటాలు సాఫీగా పేలి ఏడోది ఇరుక్కుపోతోందన్న ఫిర్యాదులూ వచ్చాయి. అచ్చు యంత్రంపై ఒక కోత కాస్త ఎక్కువగా పడి, క్లిప్‌కు దారి చూపే అంచు అరిగిపోవడమే అందుకు కారణమని తేలింది. 1940లో పత్రికలు విరుచుకుపడ్డాయి. మెల్విన్ జాన్సన్ అనే మరో రూపకర్త రైఫిల్‌ను తీసుకోవాలన్న వాదం అమెరికన్ కాంగ్రెస్ వరకూ వెళ్లింది. గరాండ్ మాటలతో బదులివ్వలేదు. వాయువును గొట్టం అడుగున చిన్న రంధ్రం ద్వారా మళ్లించారు. ఆ ఏడాది చివర శాన్ డియేగోలో మెరైన్ దళం నాలుగు రైఫిళ్లను పక్కపక్కన పెట్టి పరీక్షించాక ఎం1నే ఎంచుకుంది.

సుమారు 4.3 కిలోల ఆ రైఫిల్ నిజమైన పోరులో దాదాపు 450 మీటర్ల వరకు నమ్మదగినది. వెనుక గురిని 1,200 గజాల దాకా సర్దుకునే వీలుంది. గుండీని ఒక్క మెట్టు తిప్పితే వంద గజాల దూరంలో తూటా తగిలే చోటు సుమారు ఒక అంగుళం జరుగుతుంది. యుద్ధకాలంలో ఒక్కోదాని ధర సుమారు 85 డాలర్లు. ఇంత క్లిష్టమైన యంత్రం ఆ ధరకు రావడానికి కారణం కూడా గరాండే. రైఫిల్‌ను గీసి ఊరుకోక, దాని భాగాలను కోసే పనిముట్లను, యంత్రాలను సైతం ఆయన రూపొందించారు. 1937లో రోజుకు పదిగా మొదలైన ఉత్పత్తి 1941 జనవరికి ఆరు వందలకు చేరింది. 1957లో ఆగిపోయేనాటికి మొత్తం దాదాపు 54 లక్షలు.

వాటిపై ఆయనకు ఒక్క సెంటు రాయల్టీ రాలేదు. పేటెంట్ హక్కులను ప్రభుత్వానికే రాసిచ్చారు. లక్ష డాలర్ల పారితోషికం ఇవ్వాలన్న బిల్లు కాంగ్రెస్‌లో వీగిపోయింది. లెక్క వేస్తే ఆ మొత్తం 1941 జనవరి నాటి ఉత్పత్తిలో రెండు రోజుల రైఫిళ్ల ఖరీదు కూడా కాదు. 1944లో ప్రభుత్వ పతకం మాత్రం దక్కింది.

ఇలాంటి ఆయుధం విలువ మన ఉపఖండానికీ తెలియనిది కాదు. 1954 తరువాత అమెరికా సైనిక సాయంగా పాకిస్తాన్‌కు అందిన ఆయుధాల్లో ఎం1లు ఉన్నాయి. 1962లో హిమాలయాల్లో మన జవాన్లు .303 బోల్ట్ రైఫిళ్లతో, చైనా సెమీ ఆటోమేటిక్‌లను ఎదుర్కోవలసి వచ్చింది. ఇషాపూర్ కర్మాగారం నుంచి సెల్ఫ్ లోడింగ్ రైఫిల్ మన దళాలకు విస్తృతంగా అందింది ఆ యుద్ధం తరువాతే.

గరాండ్ 1953లో పదవీ విరమణ చేసి, స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే స్థిరపడి, 1974 ఫిబ్రవరి 16న కన్నుమూశారు. ఆయన పని చేసిన కర్మాగారం అంతకు ఆరేళ్ల ముందే మూతపడి, ఇప్పుడు జాతీయ చారిత్రక స్థలంగా ఉంది. సైన్యం వదిలేసిన ఎం1లను గురి సాధకులు నేటికీ కొంటున్నారు. 85 డాలర్ల రైఫిల్ ఇప్పుడు వందల డాలర్లు పలుకుతోంది. ఒహాయో రాష్ట్రంలోని క్యాంప్ పెర్రీలో ఏటా ఆయన పేరిట 200 గజాల దూరంలో జరిగే పోటీకి గురికాండ్రు ఆ పాత రైఫిళ్లనే భుజాన వేసుకుని వస్తారు.