నీవా ఒడ్డు నుంచి వాల్తేరు దాకా: కట్టమంచి రామలింగారెడ్డి

చిత్తూరు పట్టణాన్ని ఆనుకుని కట్టమంచి అనే ఊరుంది. ఊరి పేరు చెప్పగానే ఆ ప్రాంతం వాళ్లకు చెరువు గుర్తొస్తుంది. తెలుగు చదువుకున్న వాళ్లకు మాత్రం ఒక మనిషి గుర్తొస్తారు. ఆయనే కట్టమంచి రామలింగారెడ్డి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షుడు. లోకం ఆయన్ను సి.ఆర్. రెడ్డి అని పిలిచింది.

పొన్నైలో, గుడియాత్తంలో తెలుగు బడులకు పిల్లల్ని పంపుతున్న తల్లిదండ్రులకు ఆయన కథ చెప్పడానికి మాకొక కారణం ఉంది. ఆయన పరాయి ప్రాంతం వారు కాదు. 1880 డిసెంబరు 10న ఆయన పుట్టేనాటికి చిత్తూరుకూ వేలూరుకూ మధ్య రాష్ట్ర సరిహద్దు కాదు కదా, జిల్లా సరిహద్దు కూడా లేదు. చిత్తూరు, వేలూరు, పొన్నై, గుడియాత్తం, తిరుత్తణి అన్నీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోవే. ఆ జిల్లాకు ముఖ్యపట్టణం చిత్తూరే. 1911లో చిత్తూరు వేరే జిల్లా అయింది. ఆ తర్వాత రాష్ట్రాలూ వేరయ్యాయి. చిత్తూరు మీదుగా పారే నీవా మాత్రం ఇప్పటికీ మన పొన్నై ఏటిలోనే కలుస్తుంది. ఆ నీళ్లు పాలారుకు చేరతాయి.

చెరువు కట్ట కథ రాసిన విద్యార్థి

తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డి చిత్తూరులో న్యాయవాది. రామలింగారెడ్డి చిత్తూరులో చదువు ముగించి మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. అక్కడ తెలుగు విద్యార్థుల సంఘం ఒకటి ఉండేది. అది పెట్టిన కావ్యరచన పోటీ కోసం ఆయన ముసలమ్మ మరణము అనే చిన్న కావ్యం రాశారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు నిండలేదు.

అనంతపురం ప్రాంతంలో పెద్ద చెరువు కట్ట తెగబోతుంది. ఊరు మునిగిపోకుండా ముసలమ్మ అనే కోడలు తన ప్రాణం ఇస్తుంది. రాజులను, దేవతలను పక్కనబెట్టి ఒక రైతు ఇంటి ఆడపడుచును కావ్యానికి నాయికగా చేశారు. ఆధునిక తెలుగు కవిత్వానికి దారి తీసిన రచనల్లో దీన్ని మొదటి వరుసలో లెక్కిస్తారు. చెరువు తెగితే ఏమవుతుందో కట్ట కింద పైరు పెట్టే మన వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఊరి కోసం ఒక మనిషి ఏం చేయగలదు అన్న ప్రశ్న ఆయనకు కాలేజీ రోజుల్లోనే పట్టుకుందని మాకనిపిస్తుంది. తర్వాత ఆయన చేసిన పనులన్నిటిలో ఆ ప్రశ్న కనిపిస్తుంది.

1902లో భారత ప్రభుత్వ ఉపకార వేతనం దొరికింది. దాంతో ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చరిత్ర చదివారు. మొదటి శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. అక్కడి విద్యార్థుల వాదసభకు ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. చిత్తూరు నుంచి వెళ్లిన కుర్రవాడు ఇంగ్లండు విద్యార్థుల ఓట్లతో ఆ పీఠం ఎక్కడం ఆ కాలానికి చిన్న సంగతి కాదు.

మైసూరులో బడుల తలుపులు

తిరిగి వచ్చాక మొదట బరోడా కళాశాలలో పనిచేశారు. అంతకుముందు అరవిందులు ఉన్న ఉద్యోగం అది. తర్వాత మైసూరు మహారాజా కళాశాలలో చరిత్ర ఆచార్యుడిగా చేరి, ప్రిన్సిపాలు అయ్యారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆ ఏర్పాటు వెనుక పనిచేసిన వారిలో ఆయన కూడా ఉన్నారు.

మైసూరులో ఉంటూనే తెలుగును వదల్లేదు. 1914లో కవిత్వ తత్త్వ విచారము అనే విమర్శ గ్రంథం తెచ్చారు. పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని తీసుకుని, పాత కావ్యాన్ని కొత్త కంటితో ఎలా చదవాలో చూపించారు. పండితులు కొందరు మెచ్చారు, కొందరు మండిపడ్డారు. అర్థశాస్త్రం మీద కూడా తెలుగులోనే పుస్తకం రాశారు. ఇంగ్లీషు రానివాడికి డబ్బు, పన్నులు, వ్యాపారం గురించి తెలియనక్కర్లేదా అన్న ఆలోచన అందులో ఉంది. మన బడుల్లో తెలుగు మాధ్యమంలో సైన్సు, సాంఘికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు రోజూ పడే పాట్లే ఆయనా పడ్డారు. ఇంగ్లీషు మాటకు తెలుగు మాట వెదకాలి, దొరకనప్పుడు అర్థమయ్యేలా విడమర్చి చెప్పాలి.

1918లో మైసూరు సంస్థానం విద్యాశాఖకు అధిపతి అయ్యారు. ప్రభుత్వ బడుల్లో పంచమ పిల్లలను మిగతా పిల్లలతో పాటు కూర్చోబెట్టడానికి ఊళ్లలో గట్టి వ్యతిరేకత ఉన్న రోజులవి. బడి అందరిదీ అన్న పక్షాన ఆయన నిలబడ్డారు. పన్ను డబ్బుతో నడిచే బడి ఎవరినీ గుమ్మం బయట ఆపకూడదన్నది ఆయన పద్ధతి. 1921లో ఆ ఉద్యోగం వదిలి రాజకీయాల్లోకి వచ్చారు.

రాజకీయాల్లో ఆయన దారి తిన్నగా సాగలేదు. జస్టిస్ పార్టీలో చేరి, ఆ పార్టీతోనే తగాదా పడ్డారు. 1923 నవంబరులో మద్రాసు శాసనమండలిలో పానగల్లు రాజా మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. 44 మంది ఆయన వైపు, 65 మంది ఎదురు నిలిచారు. తీర్మానం వీగిపోయింది. మాటల నేర్పు, ఎదురు తిరిగే ధైర్యం రెండూ ఉన్నా పార్టీ కట్టు ఆయనకు సరిపడలేదు. ఆయన అసలు పని వేరే చోట ఎదురుచూస్తోంది.

విశ్వవిద్యాలయం ఎవరి కోసం

అప్పటిదాకా గంజాం నుంచి చిత్తూరు దాకా తెలుగు జిల్లాల కళాశాలలన్నీ మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉండేవి. పై చదువుకు మద్రాసు వెళ్లాలి. ఆ ఖర్చు భరించగలిగేవాళ్లు తక్కువ. తెలుగు వాళ్లకు ప్రత్యేక విశ్వవిద్యాలయం కావాలన్న కోరిక ఏళ్ల తరబడి నలిగి, చివరకు చట్టమైంది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలో మొదలైంది. ఉపాధ్యక్షుడిగా రామలింగారెడ్డి వచ్చారు.

సొంత భవనాలు లేవు. ఉన్న డబ్బు తక్కువ. పైగా విశ్వవిద్యాలయం ఎక్కడ ఉండాలన్న గొడవ. బెజవాడ అని కొందరు, రాజమండ్రి అని కొందరు, అనంతపురం అని ఇంకొందరు. చివరకు విశాఖపట్నం పక్కన వాల్తేరు ఖాయమైంది. దాంతో దూరమన్న కారణంగా రాయలసీమ ప్రాంతం తిరిగి మద్రాసు విశ్వవిద్యాలయం వైపు వెళ్లింది. ఇది ఆ కథలో చేదు భాగం. విశ్వవిద్యాలయానికి మంచి పేరుంటే చాలదని, పేద పిల్లవాడు బస్సెక్కి చేరుకోగలిగేంత దగ్గరగా ఉండాలని ఈ సంగతి మనకు చెబుతోంది.

పరీక్షలు పెట్టి, పట్టాలు ఇచ్చి పంపేయడంతో విశ్వవిద్యాలయం పని తీరిపోతుందని ఆయన అనుకోలేదు. బోధన, పరిశోధన అక్కడే జరగాలి. చదివినవాడి చదువు చుట్టూ ఉన్న జనానికి పనికిరావాలి. వాల్తేరులో ఆ పునాది మీదే తర్వాతి భవనాలు లేచాయి. ఒడియా నేలలోని జయపురం మహారాజు విక్రమదేవవర్మ విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేశారు. సైన్సు, సాంకేతిక కళాశాలకు ఆయన పేరే పెట్టారు.

1930లో స్వాతంత్ర్యోద్యమం మీద ప్రభుత్వం సాగించిన అణచివేతకు నిరసనగా రామలింగారెడ్డి పదవికి రాజీనామా చేశారు. తను కట్టుకున్న ఇల్లు సగంలో వదిలి వెళ్లడం లాంటిది ఆ పని. ఆయన స్థానంలో 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. రాధాకృష్ణన్ తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టి, మన వేలూరులో ఊరీస్ కళాశాలలో చదివారు. అంటే ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదటి ఇద్దరు ఉపాధ్యక్షులూ పాత ఉత్తర ఆర్కాటు జిల్లా బిడ్డలే. ఈ మాట మన పిల్లలకు ఎవరూ చెప్పరు. మనమే చెప్పాలి.

రెండోసారి పదమూడేళ్లు

1936లో రామలింగారెడ్డి మళ్లీ ఉపాధ్యక్షుడై 1949 దాకా కొనసాగారు. 1938లో గిడుగు రామమూర్తి పంతులు గారికి విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదు ఇచ్చింది. గిడుగు వారు వ్యావహారిక తెలుగు కోసం పోరాడారని అందరికీ తెలుసు. ఆయన సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల మాటలో చదువు చెప్పించడానికి పాటుపడిన సంగతి కొందరికే తెలుసు. తక్కువ మంది మాట్లాడే భాష కోసం జీవితం ధారపోసిన ఒక బడిపంతులును తెలుగువాళ్ల విశ్వవిద్యాలయం పిలిచి గౌరవించిందన్న మాట. భాషా మైనారిటీ బడుల్లో పనిచేసే మా లాంటి వాళ్లకు ఇది గుండెకు హత్తుకునే విషయం.

యుద్ధం వచ్చింది. 1942 ఏప్రిల్లో విశాఖపట్నం మీద జపాను బాంబులు పడ్డాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. యుద్ధం ముగిశాక మళ్లీ వాల్తేరు చేరింది. ఊరు మారినా చదువు ఆగిపోకుండా నడిపించడం ఆయన మీద పడిన భారం. అదే 1942లో బ్రిటిష్ ప్రభుత్వం సర్ బిరుదు ఇస్తే తీసుకున్నారు. 1930లో రాజీనామా చేసిన మనిషి ఇదెందుకు తీసుకున్నాడని అప్పుడే కొందరు నొచ్చుకున్నారు. ఆ వైరుధ్యాన్ని దాచి చెప్పడం పిల్లలకు మేలు చేయదు. గొప్పవాళ్ల జీవితాల్లోనూ ఒకదానికొకటి పొసగని పనులుంటాయి.

ఆయన పెళ్లి చేసుకోలేదు. విశ్వవిద్యాలయమే సంసారంగా గడిపారు. 1949లో వాల్తేరు వదిలాక మైసూరు విశ్వవిద్యాలయం ఆయన్ను ప్రో ఛాన్సలరుగా పిలుచుకుంది. 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. ఏలూరులో ఆయన పేరుతో కళాశాల ఆయన బతికి ఉండగానే మొదలైంది. ఆయన పోయిన మూడేళ్లకు, 1954లో తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. చిత్తూరు పిల్లలకు విశ్వవిద్యాలయం అప్పటికి దగ్గరయింది.

మన పిల్లలకు ఎంత దూరం

ఈ జీవితం నుంచి మనం ఏం తీసుకోవాలి? రామలింగారెడ్డి లాయరు గారి అబ్బాయి. ఉపకార వేతనం దొరికింది, తెలివితేటలు ఉన్నాయి, పైకి వచ్చారు. మన బడుల్లో చదివే పిల్లల్లో ఎక్కువ మంది తల్లిదండ్రులు కూలికి వెళ్తారు, బీడీలు చుడతారు, మగ్గం నేస్తారు. ఆయనలా చదువుకో అని వాళ్లకు చెప్పి ఊరుకుంటే సరిపోదు. ఒక్కడు ఇంగ్లండు దాకా వెళ్లే దారి ఆయనకు దొరికింది. ఆ తర్వాత నూరుమంది దగ్గర్లోనే చదువుకునే దారి వేయడానికి ఆయన తన జీవితంలో ఎక్కువ కాలం ఖర్చు పెట్టారు. ప్రభుత్వ విశ్వవిద్యాలయం విలువ అక్కడ ఉంది. ఫీజు కట్టలేని ఇంటి బిడ్డకు అదే కేంబ్రిడ్జి.

ఇప్పుడు దూరం తగ్గింది. 2002లో ఏర్పడిన తిరువళ్లువర్ విశ్వవిద్యాలయం ఆవరణ మన కాట్పాడి వైపే, సేర్కాడులో ఉంది. గుడియాత్తం వాళ్లకు సరిహద్దు దాటితే కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. తిరుపతి ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖ ఉంది. అయినా పదో తరగతి అయిపోగానే మన ఆడపిల్లల్లో కొందరు ఇంట్లో ఆగిపోతున్నారు, మగపిల్లల్లో కొందరు పనికి వెళ్లిపోతున్నారు. 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయ్యాక భాషా మైనారిటీలు కోర్టులకు వెళ్లిన సంగతి మనకు తెలిసిందే. ఆ వాదం సాగాల్సిందే. కానీ తీర్పుల కోసం ఎదురుచూస్తూ పిల్లవాడి చదువును ఆపడం తగదు. రామలింగారెడ్డి బరోడాలో, మైసూరులో, మద్రాసులో వేరే భాషల మధ్య బతికారు. తెలుగు వదలకుండానే బతికారు. మన పిల్లలు తమిళం బాగా నేర్చుకోవాలి, తెలుగు గట్టిగా నిలుపుకోవాలి. ఈ రెండూ ఒకదానికొకటి శత్రువులు కావు.

చదివినవాడు ఊరికి పనికిరావాలన్న ఆలోచనకు తర్వాతి కాలంలో ఒక రూపం వచ్చింది. గాంధీ శతజయంతి సందర్భంగా 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో జాతీయ సేవా పథకం మొదలైంది. కాలేజీ పిల్లలు ఊళ్లలో శిబిరాలు పెడతారు. మన బడి ఉన్న వీధికి అలాంటి శిబిరం ఎందుకు రాకూడదు? వస్తే పదో తరగతి పిల్లలకు లెక్కలు, ఇంగ్లీషు చెప్పమనవచ్చు. ఏ కోర్సుకు ఎలా దరఖాస్తు చేయాలో, ఉపకార వేతనం కాగితాలు ఎలా నింపాలో తల్లిదండ్రులకు చెప్పమనవచ్చు. ప్రధానోపాధ్యాయులు, తల్లిదండ్రుల సంఘం కలిసి దగ్గరి కాలేజీకి ఒక ఉత్తరం రాస్తే పని మొదలవుతుంది.

డిసెంబరు 10న మన బడుల ప్రార్థన సమావేశంలో ఐదు నిమిషాలు రామలింగారెడ్డి గురించి చెబుదాం. ఆ నెలలోనే ఒక రోజు పెద్ద తరగతుల పిల్లల్ని, వీలైతే వాళ్ల అమ్మలను కూడా, అనుమతి తీసుకుని సేర్కాడు ఆవరణకు తీసుకెళ్దాం. గ్రంథాలయం చూపిద్దాం, తరగతి గదులు చూపిద్దాం. ఇది ప్రభుత్వానిది, అంటే మీది కూడా అని అక్కడే నిలబెట్టి చెబుదాం.