సుందరయ్యకు ఒక్క గేరు చాలింది... మరి మీకు?

భవానీపురం నుంచి ఆఫీసుకు సైకిల్ మీద వెళ్తే ఎలా ఉంటుందని మీకూ ఎప్పుడో అనిపించే ఉంటుంది. షుగర్ కాస్త పెరిగిందని డాక్టరు చెప్పి ఉండొచ్చు. పొట్ట ముందుకొస్తోందని ఇంట్లో అని ఉండొచ్చు. తీరా దుకాణానికి వెళ్తే మొదటి ప్రశ్నే తికమక పెడుతుంది. గేర్లున్న సైకిలా, లేనిదా? ఉంటే ఏడు గేర్లా, ఇరవై ఒకటా? దీనికి జవాబు వెతికే ముందు, మన పక్కనే ఉన్న గన్నవరం ఓటర్లు మూడుసార్లు శాసనసభకు పంపిన ఒక మనిషి జీవితం చూద్దాం. పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లిన సభ్యుడాయన.

అలగానిపాడు నుంచి ఢిల్లీకి

పుచ్చలపల్లి సుందరయ్య 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూస్వామ్య కుటుంబంలో పుట్టారు. ఇంట్లో పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. కులాన్ని చెప్పే చివరి ముక్కను తర్వాత ఆయనే తీసేసుకున్నారు. ఆరేళ్ల వయసులో తండ్రి పోయారు. మద్రాసు లయోలా కాలేజీలో చదువుతుండగా 1930లో శాసనోల్లంఘన ఉద్యమం వచ్చింది. చదువు వదిలి అందులో దూకారు, పదిహేడేళ్లకే జైలు చూశారు. బయటికొచ్చాక సొంత ఊళ్లోనే వ్యవసాయ కూలీలను కూడగట్టారు. ఆంధ్రలో కమ్యూనిస్టు పార్టీని కట్టినవారిలో ముందువరుసలో నిలిచారు. 1943లో లీలగారిని పెళ్లాడారు. పిల్లలు వద్దని ఇద్దరూ నిర్ణయించుకున్నారు. తన వాటాకు వచ్చిన ఆస్తిని ఉద్యమానికి ఇచ్చేశారు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ఏళ్ల తరబడి అజ్ఞాతంలో గడిపారు.

1952లో రాజ్యసభకు ఎన్నికై అక్కడ కమ్యూనిస్టు సభ్యులకు నాయకత్వం వహించారు. తోటి సభ్యులు కార్లలో దిగుతుంటే ఆయన పార్లమెంటు దగ్గర సైకిల్ దిగేవారు. 1955లో గన్నవరం నుంచి శాసనసభకు గెలిచారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అసెంబ్లీ హైదరాబాదుకు మారాక, అక్కడికీ సైకిల్ మీదే వెళ్లేవారు. అది పేదరికం వల్ల వచ్చిన అలవాటు కాదు, కావాలని ఎంచుకున్నది. ఆ తరం తెలుగువాళ్లకు సుందరయ్య పేరు చెబితే సైకిల్ గుర్తొచ్చేది అందుకే.

ఒక్క గేరంటే ఎంత బరువు?

ఆ రోజుల్లో మన రోడ్ల మీద తిరిగే మామూలు సైకిల్‌కు ఉండేది ఒక్కటే గేరు. ఇప్పటికీ పాల క్యాన్లు మోసే నల్ల సైకిల్ అదే. మీ ఇంట్లో పాతది ఉంటే స్టాండు వేసి చూడండి. ముందున్న పెద్ద చక్రానికి, అంటే చైన్‌వీల్‌కు, 44 పళ్లు ఉన్నాయనుకుందాం. వెనక ఫ్రీవీల్‌కు 18 అనుకుందాం. 44ను 18తో భాగిస్తే దాదాపు 2.4. మీరు పెడల్‌ను ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం 2.4 చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం కాబట్టి సైకిల్ సుమారు 5.4 మీటర్లు ముందుకెళ్తుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 19 కిలోమీటర్ల వేగం. గన్నవరం చుట్టుపక్కల చేలగట్ల దారుల మీద ఇది హాయిగా సాగిపోతుంది.

అదే సైకిల్ హైదరాబాదు ఎత్తుపల్లాల్లో వేరుగా ప్రవర్తిస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు వేగం గంటకు 9 కిలోమీటర్లకు పడిపోతే, పెడల్ నిమిషానికి 28 చుట్లు మాత్రమే తిరుగుతుంది. చుట్లు తగ్గినకొద్దీ ఒక్కో తొక్కుకు పెట్టాల్సిన బలం పెరుగుతుంది. ఆ బలమంతా మోకాలి చిప్ప మీదుగా వెళ్తుంది. సుందరయ్య దాన్ని మోయగలిగారంటే, కుర్రతనం నుంచి ఊళ్లమ్మట తిరిగిన కాళ్లవి. సైకిల్ ఆయనకు యాభయ్యో ఏట మొదలుపెట్టిన వ్యాయామం కాదు.

మీ సంగతి వేరు. ఇరవయ్యేళ్లు కుర్చీలో కూర్చుని ఇప్పుడు మొదలుపెడుతున్నారు. ఆయన్ని చూసి అలవాటు నేర్చుకోండి, గేరు మాత్రం మీ మోకాళ్లను చూసి ఎంచుకోండి. ఈ తేడా తెలియకే చాలా సైకిళ్లు నెల తిరక్కుండా అపార్టుమెంటు సెల్లార్లో దుమ్ము పట్టిపోతాయి.

మీ దారిని బట్టి గేరు

ముందు మీ దారిలో అన్నిటికన్నా కష్టమైన చోటు ఏదో చూడండి. భవానీపురం నుంచి వన్‌టౌన్ వైపు ఇంద్రకీలాద్రి కింది రోడ్డులో వెళ్తే చాలావరకు చదునే. సైకిల్‌కు ఫ్లైఓవర్ కన్నా ఆ కింది రోడ్డే మేలు. మీ దారి అలాంటిదైతే ఒక్క గేరు సైకిల్ చాలు. అయితే చిన్న మార్పు చేయించండి. వెనక 18 పళ్ల ఫ్రీవీల్ తీసి 20 పళ్లది వేయించండి. అవసరమైతే చైన్ కాస్త పెంచాలి. నిష్పత్తి 2.2కు తగ్గుతుంది. నిమిషానికి 60 చుట్లకు వేగం 18 కిలోమీటర్ల లోపే ఉంటుంది. ఆఫీసుకు అంతకన్నా తొందరేముంది?

దారిలో వంతెనలు, ఎత్తులు ఉన్నా, ప్రకాశం బ్యారేజీ దాటాల్సి వచ్చినా గేర్లున్నదే తీసుకోండి. బ్యారేజీ మీద ఎదురుగాలి కొడితే చదును రోడ్డు కూడా ఎత్తు ఎక్కినట్టే ఉంటుంది. అలాగని ఇరవై ఒక్క గేర్లు చూసి మురిసిపోనక్కర్లేదు. అలాంటి సైకిళ్లలో సాధారణంగా ముందు మూడు చక్రాలు ఉంటాయి. మధ్య చక్రానికి 34 పళ్లు, వెనక అతి చిన్నదానికి 14, అతి పెద్దదానికి 28 ఉన్నాయనుకోండి. మధ్య చక్రం, చిన్న పళ్లెం కలిస్తే నిష్పత్తి 2.4. అంటే సుందరయ్య కాలపు సైకిల్ గేరే! మధ్య చక్రం, పెద్ద పళ్లెం కలిస్తే 1.2. ఇందులో గంటకు 9 కిలోమీటర్ల వేగంతో ఎత్తు ఎక్కినా కాళ్లు నిమిషానికి 57 చుట్లు తిరుగుతాయి. ఇందాకటి 28కి ఇది రెట్టింపు, మోకాలి మీద బరువు దాదాపు సగం. ఈ ఏడు గేర్లతో ఊరంతా తిరిగిరావచ్చు. అందుకే ముందు ఒకే చక్రం, వెనక ఏడో ఎనిమిదో ఉన్న సైకిల్ దొరికితే అదే మంచిది. రిపేరూ తక్కువ.

ఇవి గుర్తుంచుకోండి

ఎత్తు మొదలయ్యే ముందే గేరు తగ్గించండి. మధ్యలో బలంగా తొక్కుతూ మారిస్తే చైన్ జారుతుంది. నిమిషానికి 60 నుంచి 80 చుట్లు తేలిగ్గా తిరిగే గేరులో ఉండండి. పక్కనున్న వాళ్లతో ఆయాసం లేకుండా మాట్లాడగలిగితే మీరు సరైన గేరులో ఉన్నట్టే. సీటు మీద కూర్చుని మడమను కిందికి దించిన పెడల్ మీద పెడితే కాలు తిన్నగా సాగాలి. మోకాలి ముందు భాగంలో నొప్పి వస్తుంటే సీటు బాగా కిందికైనా ఉండాలి, గేరు బరువుగానైనా ఉండాలి. రెండూ సరిచేసినా తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, మోకీళ్లు అరిగినవాళ్లు మొదలుపెట్టే ముందే అడగాలి. మన ఎండల్లో ఉదయం పూటే తొక్కండి.

సుందరయ్యను గన్నవరం 1962లో మళ్లీ గెలిపించింది. అరవై నాలుగేళ్ల వయసులో, 1978లో, మూడోసారి సభకు పంపింది. 1985 మే 19న మద్రాసులో ఆయన కన్నుమూశారు. కారు కొనగలిగి కూడా సైకిల్‌నే నమ్ముకున్న మనిషిగా ఇప్పటికీ తలుచుకుంటారు.

వచ్చే ఆదివారం పొద్దున్నే సైకిల్ బయటకు తీయండి. ముందు పళ్లు, వెనక పళ్లు లెక్కపెట్టండి. తర్వాత పున్నమి ఘాట్ దాకా వెళ్లి రండి. తిరిగొచ్చాక మోకాళ్లు ఏమీ అనకపోతే, సోమవారం ఆఫీసుకు ఆ గేరులోనే బయల్దేరండి.