జంషెడ్జీ టాటా: సరుకు నడిచే దారి

యంత్రాలు మంచివైతే చాలు, పరిశ్రమ వృద్ధి చెందుతుందని పలువురి అభిప్రాయం. కాని ముడిసరుకు ఎక్కడి నుండి రావాలి, తయారైన సరుకు ఏ దారిన పోవాలి అన్న విచారణ లేనిదే ఏ పరిశ్రమయూ పోటీలో నిలువజాలదు. ఈ సత్యాన్ని మన దేశంలో ముందుగా గ్రహించినవారిలో అగ్రగణ్యుడు జంషెడ్జీ నసర్వాన్‌జీ టాటా.

ఆయన 1839 మార్చి 3న గుజరాతు ప్రాంతమందలి నవసారిలో పార్శీ పురోహిత వంశంలో జన్మించారు. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో 1858లో విద్య ముగించి తండ్రిగారి వర్తకంలో ప్రవేశించారు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో (1861–65) అక్కడి పత్తి ఇంగ్లండుకు చేరక, బొంబాయి పత్తికి అపారమైన గిరాకీ కలిగింది. యుద్ధం ముగియగానే ధరలు కూలి, టాటాల సంస్థ తీవ్రంగా నష్టపోయింది. దూరదేశపు గిరాకీనే నమ్ముకొన్న వర్తకం ఎంత అస్థిరమో ఆ యువకునికి అనుభవపూర్వకంగా తెలిసివచ్చింది.

తరువాత లాంకషైరు మిల్లులను పరిశీలించి వచ్చి, మిల్లులన్నీ బొంబాయిలో వెలుస్తున్న ఆ రోజులలో ఆయన నాగపూరును ఎన్నుకొన్నారు. చుట్టూ పత్తి పండే నేల, చేరువలో వరోరా బొగ్గు గనులు, ముంగిట రైలుమార్గం! 1877 జనవరి 1న అక్కడ ఎంప్రెస్ మిల్లు ప్రారంభమైంది. దాని నిర్వహణను బెజన్‌జీ దాదాభాయి మెహతాకు అప్పగించారు. మెహతాగారికి మిల్లు అనుభవం లేదు. ఆయన రైల్వే సరుకుల శాఖలో పనిచేసినవారు. సరుకు రవాణా మర్మం తెలిసిన ఆ వ్యక్తి చేతిలో మిల్లు అభివృద్ధి చెందింది.

అయితే సముద్రమార్గం పరుల చేతిలోనే ఉండెను. మన నూలుకు చైనా ప్రధానమైన విపణి. ఆ దారిన నడిచే పి. అండ్ ఓ. మొదలగు ఓడల కంపెనీలు ఒక్కటై అధికమైన కిరాయి వసూలు చేసేవి. 1893లో టాటా జపానుకు వెళ్ళి నిప్పన్ యూసెన్ కైషా సంస్థతో ఒప్పందం కుదుర్చుకొని, తామును ఓడలను అద్దెకు తీసుకొని నడిపారు. టన్నుకు 19 రూపాయలుగా ఉన్న కిరాయి 12 రూపాయలకు దిగింది. ప్రత్యర్థి కంపెనీ కిరాయిని రెండు రూపాయలలోపునకు తగ్గించింది. తాత్కాలికమైన ఆ లాభానికి ఆశపడి తోటి వర్తకులే టాటాను విడిచిపోయారు. ఆయన నష్టాన్ని భరించి, కొలదికాలంలోనే తమ ఓడలను విరమించుకొన్నారు. కాని జపాను ఓడలు బొంబాయి దారిని విడువలేదు. రెండవ మార్గమంటూ ఒకటి ఏర్పడింది.

1904 మే 19న జర్మనీలో ఆయన పరమపదించారు. ఆయన సంకల్పించిన ఉక్కు కర్మాగారానికి తరువాత ఆయన వారసులు ఇనుపఖనిజమునకు, బొగ్గుకు, నీటికి అందుబాటులోనున్న సాక్చీని ఎన్నుకొన్నారు. నాగపూరులో నేర్పిన పాఠమే అది.

వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఆయన విజయాలతోపాటు ఆ ఓడల వైఫల్యాన్నికూడ అధ్యయనం చేయాలి. ఒకే దారిని నమ్ముకొన్నవాడు ఆ దారి యజమానికి లోబడక తప్పదు. రెండవ దారి కావలెనన్న, దానికయ్యే నష్టాన్ని అందరును కలిసి భరించవలసి యుంటుంది.